తెక్ల, మరియ, యూక్లియ: తొలి క్రైస్తవ అప్రామాణిక గ్రంథాల్లో స్త్రీలు

క్రైస్తవుల కొత్త నిబంధనలో 27 పుస్తకాలున్నాయి. సరిగ్గా ఈ 27 పుస్తకాల పట్టిక మొదటగా కనిపించేది అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ క్రీ.శ. 367లో సంఘాలకు పంపిన ఉత్తరంలో. అంతకుముందు రెండు వందల ఏళ్లకు పైగా సువార్తలు, అపొస్తలుల కార్యాలు, ప్రకటనలు అనే పేర్లతో ఇంకా ఎన్నో పుస్తకాలు సంఘాల్లో చేతులు మారాయి. పట్టికలో చోటు దక్కని ఆ పుస్తకాలే అప్రామాణిక గ్రంథాలు. కతోలిక బైబిల్లో ఉండి ప్రొటెస్టెంట్ బైబిల్లో లేని తోబీతు, యూదితు వంటివి వేరు. అవి క్రీస్తుకు పూర్వపు యూదుల రచనలు. ఇక్కడ చర్చించేవి ఎక్కువగా క్రీస్తు తర్వాత రెండు, మూడు శతాబ్దాల్లో క్రైస్తవులే రాసుకున్నవి.

ఈ పుస్తకాల్లో స్త్రీలు చాలా పనులు చేస్తారు. బోధిస్తారు, దర్శనాలు చూస్తారు, భర్తల మాట కాదంటారు, అపొస్తలులకు జవాబు చెబుతారు. ఒకామె తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకుంటుంది. 1895, 1898లలో రెండు భాగాలుగా ‘స్త్రీల బైబిల్’ వెలువరించిన అమెరికన్ ఉద్యమకారిణి ఎలిజబెత్ కేడీ స్టాంటన్, ఆమె సహచరులు ప్రధానంగా బైబిల్ లోపలి వాక్యాలనే ప్రశ్నించారు. బైబిల్ బయటి పుస్తకాలను స్త్రీవాద దృష్టితో పట్టుగా చదవడం 1970ల చివర ఊపందుకుంది. ఎలైన్ పేజెల్స్ 1979లో గ్నోస్టిక్ (ఆత్మజ్ఞానవాద) సువార్తల మీద రాసిన పుస్తకం, ఎలిసబెత్ ష్యూస్లర్ ఫియోరెన్జా 1983లో తొలి క్రైస్తవ స్త్రీల చరిత్రను తిరగరాస్తూ తెచ్చిన పుస్తకం ఈ చదువును విశ్వవిద్యాలయాల బయటికి కూడా తీసుకొచ్చాయి. ఫియోరెన్జా పెట్టిన సూత్రం సూటిగా ఉంటుంది: స్త్రీల గురించి మిగిలిన రాతల్లో ఎక్కువ భాగం మగవాళ్లు రాసినవి, మగవాళ్లు దాచినవి, కాబట్టి ప్రతి వాక్యాన్నీ అనుమానంతోనే చదవాలి, ప్రతి నిషేధం వెనకా అప్పటికే జరుగుతున్న ఒక పని కోసం వెతకాలి.

ఈకొనియ నుంచి సెలూకియ దాకా

ఈ చర్చకు కేంద్రం ‘పౌలు, తెక్ల కార్యాలు’ అనే చిన్న కథ. రెండో శతాబ్దంలో ఆసియా మైనరులో, అంటే నేటి టర్కీలో, గ్రీకు భాషలో పుట్టింది. కథ ఈకొనియ పట్టణంలో మొదలవుతుంది. నేటి కొన్యా అదే. తెక్ల గొప్పింటి పిల్ల. తమూరి అనే యువకుడితో పెళ్లి నిశ్చయమైంది. పొరుగింట్లో అపొస్తలుడు పౌలు కన్యత్వం గురించి, పునరుత్థానం గురించి బోధిస్తుంటే ఆమె కిటికీ దగ్గర కూర్చుని మూడు పగళ్లు, మూడు రాత్రులు కదలకుండా వింటుంది. తిండి లేదు, నీళ్లు లేవు. కూతురు కిటికీకి సాలీడులా అతుక్కుపోయిందని తల్లి తెయోక్లియ వాపోతుంది.

పౌలును చెరసాలలో వేస్తారు. తెక్ల రాత్రివేళ చేతి కడియాలు తీసి ఇంటి కావలివాడికి ఇస్తుంది, వెండి అద్దం చెరసాల అధికారికి ఇస్తుంది, లోపలికి వెళ్లి పౌలు పాదాల దగ్గర కూర్చుంటుంది. పెళ్లికూతురికి అలంకారమైన వస్తువులు లంచాలుగా మారడం మీద స్త్రీవాద విమర్శకులు చాలా రాశారు. పెళ్లి కోసం సిద్ధం చేసిన సొమ్మును పెళ్లి నుంచి బయటపడటానికి ఖర్చు పెట్టిన కథ ఇది. విచారణలో పౌలుకు దెబ్బలు, ఊరి నుంచి వెలివేత. తెక్లకు మాత్రం మంటల్లో మరణశిక్ష. ఆ శిక్ష వేయమని అడిగింది కన్నతల్లే. మిగతా ఆడవాళ్లకు భయం కలిగేలా నడి నాట్యశాలలో కాల్చమంటుంది. వాన, వడగళ్లు కురిసి మంట ఆరిపోతుంది.

తర్వాత తెక్ల పౌలును వెతుక్కుంటూ వెళ్తుంది. జుట్టు కత్తిరించుకుని వెంట వస్తానంటుంది, బాప్తిస్మం ఇవ్వమంటుంది. ఓపిక పట్టమంటాడు పౌలు. అంతియొకయలో అలెగ్జాండర్ అనే పెద్దమనిషి ఆమెను చూసి ఆశపడి పౌలును అడిగితే, ఆమె ఎవరో తనకు తెలియదని, తనది కాదని పౌలు తప్పుకుంటాడు. అలెగ్జాండర్ నడివీధిలో కౌగిలించుకోబోతే తెక్ల అతని అంగీ చింపి, తల మీది కిరీటం పడగొడుతుంది. ఆ అవమానానికి ఫలితంగా ఆమెను మృగాలకు వేయాలని గవర్నరు తీర్పు చెబుతాడు.

ఇక్కడి నుంచి కథలో ఆడవాళ్లు ఒక పక్షం కడతారు. కూతురు ఫాల్కొనిల్లను పోగొట్టుకున్న త్రుఫైన రాణి తెక్లను తన ఇంట ఉంచుకుని కాపాడుతుంది. పట్టణంలోని స్త్రీలు తీర్పు అన్యాయమని అరుస్తారు. రంగస్థలంలో ఒక ఆడసింహం తెక్ల పక్కన నిలిచి ఎలుగుబంటిని చంపుతుంది, అలెగ్జాండర్ పెంచిన మగసింహంతో పోరాడి దానితోపాటే చస్తుంది. మృగాలు ఇంకా వస్తుండగా తెక్ల ఎదురుగా నీటి గుంట చూసి, చివరి రోజున బాప్తిస్మం పొందుతున్నానని చెప్పి, యేసు పేరిట అందులోకి దూకుతుంది. గుంటలోని సీల్ జంతువులు మెరుపు తగిలి తేలిపోతాయి. గ్యాలరీల్లోని స్త్రీలు సుగంధ ద్రవ్యాలు విసిరితే ఆ వాసనకు మిగిలిన మృగాలు మత్తులో పడిపోతాయి.

విడుదలయ్యాక తెక్ల త్రుఫైన ఇంట్లో ఎనిమిది రోజులు బోధిస్తుంది. ఇంటి దాసీల్లో చాలామంది విశ్వసిస్తారు. ఆపైన అంగీని మగవాళ్ల తీరుగా కుట్టించుకుని మూర పట్టణంలో ఉన్న పౌలు దగ్గరికి వెళ్లి బాప్తిస్మం అయిపోయిందని చెబుతుంది. ఈసారి పౌలు ఆమెను వెళ్లి దేవుని వాక్యం బోధించమంటాడు. ఈకొనియలో తల్లిని పలకరించి సెలూకియ చేరి, చాలామందికి బోధించి, అక్కడే కన్నుమూస్తుంది.

తెర్తుల్లియన్ అభ్యంతరం

ఈ కథను ఆడవాళ్లు ఎలా వాడుకున్నారో చెప్పిన తొలి సాక్షి కథకు విరోధి. కార్తేజికి చెందిన తెర్తుల్లియన్ క్రీ.శ. 200 ప్రాంతంలో బాప్తిస్మం మీద రాసిన పుస్తకంలో, స్త్రీలు బోధించవచ్చు, బాప్తిస్మం ఇవ్వవచ్చు అనడానికి కొందరు తెక్లను ఉదాహరణగా చూపుతున్నారని కోప్పడ్డాడు. ఆ పుస్తకాన్ని ఆసియాలోని ఒక సంఘ పెద్ద పౌలు మీది ప్రేమతో కల్పించి రాశాడని, సంగతి బయటపడి పదవి వదులుకున్నాడని ఆయన వివరించాడు. చరిత్రకారులకు ఇందులో రెండు లాభాలున్నాయి. కథ 200 నాటికే ఆఫ్రికా తీరం దాకా వ్యాపించిందన్నది ఒకటి. దాన్ని ఆధారంగా చూపి స్త్రీల హక్కు కోసం వాదించినవాళ్లు నిజంగా ఉన్నారన్నది రెండోది. లేనివాళ్ల మీద ఎవరూ అంత గట్టిగా వాదించరు.

1980ల తొలినాళ్లలో పరిశోధకులు ఇంకాస్త ముందుకెళ్లారు. స్టీవన్ డేవిస్ 1980లో, అపొస్తలుల అప్రామాణిక కార్యాలను సంఘాల్లోని విధవరాండ్రే రాసుకుని ఉండొచ్చని ప్రతిపాదించారు. విధవరాండ్రు అంటే ఇక్కడ భర్త పోయినవాళ్లు మాత్రమే కాదు; పెళ్లి వద్దనుకుని సంఘం పోషణలో గుంపుగా బతికిన స్త్రీలు కూడా. డెనిస్ మెక్‌డొనాల్డ్ 1983లో, తెక్ల కథ రాతకెక్కక ముందే ఆడవాళ్ల నోట తిరిగిందని, కొత్త నిబంధనలోని తిమోతి పత్రికలు ఆ కథకు జవాబుగా పుట్టాయని వాదించారు. మొదటి తిమోతి పత్రిక స్త్రీ బోధించకూడదంటుంది, మౌనంగా నేర్చుకోవాలంటుంది, పిల్లల్ని కనడం ద్వారా రక్షణ పొందుతుందంటుంది, ముసలమ్మ ముచ్చట్లను తోసిపుచ్చమంటుంది, పెళ్లి వద్దనేవాళ్లను తిడుతుంది. తెక్ల కథలో ఈ అయిదూ తలకిందులవుతాయి. పైగా ఒనేసిఫోరు, దేమా, హెర్మొగెనే అనే పేర్లు రెండో తిమోతి పత్రికలోనూ, తెక్ల కథలోనూ కనిపిస్తాయి. అంటే పౌలు పేరు చెప్పుకుని రెండు పక్షాలు పోటీ పడ్డాయి. ఒక పక్షం రాత బైబిల్‌లో చేరింది, రెండోది బయట నిలిచింది.

ఈ సిద్ధాంతానికి బలహీనతలు ఉన్నాయి. కథలో ఆడపాత్రలు బలంగా ఉన్నంత మాత్రాన రాసింది ఆడవాళ్లే అనలేం. నోటి కథకు రాతపూర్వక సాక్ష్యం ఉండదు. అయినా తిమోతి పత్రికల నిషేధాలను సంఘమంతా ఒప్పుకున్న నియమాలుగా కాక, నడుస్తున్న వివాదంలో ఒక పక్షం వాదనగా చదవడం అప్పటి నుంచి గట్టిపడింది.

తెక్ల పేరు మీద యాత్రలు

అప్రామాణికమని తీర్మానించినా తెక్లను సంఘం వదులుకోలేదు. ఆరో శతాబ్దానికి చెందిన గెలాసియస్ పేరిటి పట్టిక తెక్ల పుస్తకాన్ని నిరాకరించిన పుస్తకాల్లో చేర్చింది. ఈలోగా ఆమె మాత్రం పునీతురాలైంది. సెలూకియ దగ్గర, అంటే నేటి సిలిఫ్కె పక్కన, ఆమె పేరిట పెద్ద యాత్రాస్థలం వెలిసింది. పడమటి దేశాల నుంచి ఎగేరియ అనే యాత్రికురాలు 384లో అక్కడికి వెళ్లింది. గుడి చుట్టూ స్త్రీల మఠాలు, పురుషుల మఠాలు చాలా ఉన్నాయని, యెరూషలేములో తనకు పరిచయమైన మర్తాన అనే పరిచారకురాలు ఆ కన్యల మఠాల పెత్తనం చూస్తోందని రాసుకుంది. అక్కడ కూర్చుని తెక్ల కార్యాలు మొత్తం చదివించుకుంది. దర్శనానికి వెళ్లింది స్త్రీ, ఎదురొచ్చి పలకరించింది మఠాధిపతి అయిన స్త్రీ, చదివింది స్త్రీ కథ. ఆ మూడూ కలిసిన ఇంత స్పష్టమైన సాక్ష్యం ప్రాచీన కాలం నుంచి మిగలడం అరుదు.

నాలుగో శతాబ్దపు మఠ స్థాపకురాలు మక్రీనకు ఇంట్లో తెక్ల అనే రహస్య నామం ఉండేదని ఆమె తమ్ముడు, నీసాకు చెందిన గ్రెగరీ రాశాడు. ఈజిప్టు యాత్రికులు ఇళ్లకు తీసుకెళ్లిన మట్టి సీసాల మీద మృగాల నడుమ నిలబడిన తెక్ల బొమ్మ ముద్రించి ఉంది. ఎఫెసు కొండ గుహలో ఉన్న ఒక గోడచిత్రంలో పౌలు, తెక్ల తల్లి తెయోక్లియ ఒకే ఎత్తులో చేయెత్తి కనిపిస్తారు. పౌలు బొమ్మ చెక్కుచెదరలేదు. తెయోక్లియ కళ్లు, ఎత్తిన చేయి గీకేసి ఉన్నాయి. బోధించే భంగిమలో ఉన్న స్త్రీని ఎవరో పనిగట్టుకుని చెరిపేశారని కొందరు పరిశోధకులు దీన్ని చదివారు.

మరియకు, పేతురుకు మధ్య తగవు

రెండో ముఖ్య గ్రంథం ‘మరియ సువార్త’. ఇది వెలుగులోకి వచ్చిన తీరే ఒక కథ. జర్మన్ పండితుడు కార్ల్ రైన్‌హార్ట్ 1896లో కైరోలో కోప్టిక్ భాషలో ఉన్న ఒక పాత పుస్తకం కొని బెర్లిన్ చేర్చాడు. కార్ల్ ష్మిత్ దాన్ని అచ్చుకు సిద్ధం చేస్తే 1912లో ముద్రణాలయంలో నీటి గొట్టం పగిలి అచ్చయిన కాగితాలు పాడయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం అడ్డొచ్చింది, 1938లో ష్మిత్ చనిపోయాడు, రెండో యుద్ధం వచ్చింది. చివరికి వాల్టర్ టిల్ 1955లో ప్రచురించాడు. ఇప్పటికీ మొదటి ఆరు పేజీలు, మధ్యలో నాలుగు పేజీలు లేవు. మూడో శతాబ్దానికి చెందిన రెండు గ్రీకు ప్రతుల ముక్కలు కూడా దొరికాయి కాబట్టి మూల రచన రెండో శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల అంచనా.

మిగిలిన భాగంలో ఒక దృశ్యం ఉంది. రక్షకుడైన యేసు వెళ్లిపోయాక శిష్యులు భయంతో ఏడుస్తుంటారు. మగ్దలేనే మరియ లేచి అందరినీ ఓదారుస్తుంది. రక్షకుడు ఇతర స్త్రీల కంటే ఆమెను ఎక్కువ ప్రేమించాడని, తాము వినని మాటలు ఏవైనా గుర్తుంటే చెప్పమని పేతురే అడుగుతాడు. తనకు కలిగిన దర్శనాన్ని, ఆత్మ ఒక్కో శక్తినీ దాటుకుంటూ పైకి వెళ్లే తీరును ఆమె వివరిస్తుంది. చెప్పడం అయిపోగానే అంద్రెయ ఇవి వింత బోధలంటాడు. అడిగిన పేతురే, రక్షకుడు తమకు తెలియకుండా ఒక ఆడమనిషితో మాట్లాడాడా, ఇప్పుడు అందరం ఆమె మాట వినాలా అని ఎదురుతిరుగుతాడు. మరియ కన్నీళ్లతో, ఇదంతా తాను కల్పించానని అనుకుంటున్నావా అని పేతురును అడుగుతుంది. లేవి కల్పించుకుని, పేతురు ఎప్పుడూ ముక్కోపివాడేనని, రక్షకుడు యోగ్యురాలిగా ఎంచినామెను తోసిపుచ్చడానికి అతనెవరని మందలిస్తాడు. ఆఖరి వాక్యంలో కోప్టిక్ ప్రతి ప్రకారం అందరూ బోధించడానికి బయలుదేరతారు. గ్రీకు ప్రతి ప్రకారం లేవి ఒక్కడే వెళ్తాడు. గ్రీకు ప్రతిని నమ్మితే తగవు తీరనే లేదు.

ఇదే తగవు వేరే చోట్లా కనబడుతుంది. 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో దొరికిన పుస్తకాల్లో ఉన్న తోమా సువార్త చివర్లో, మరియను తమ మధ్య నుంచి పంపేయమని పేతురు అంటాడు. ఆమెను మగవాడిగా చేస్తానని యేసు జవాబిస్తాడు. ‘పిస్తిస్ సోఫియ’ అనే మరో అప్రామాణిక గ్రంథంలో ప్రశ్నలడిగేవాళ్లలో మరియదే పైచేయి, ఆమె తమకు అవకాశం ఇవ్వడం లేదని పేతురు ఫిర్యాదు చేస్తాడు, అతను ఆడజాతిని ద్వేషిస్తున్నాడని, అతనంటే తనకు భయమని మరియ అంటుంది. 2003లో మరియ సువార్త మీద ప్రామాణికమైన పుస్తకం రాసిన కారెన్ కింగ్ దీన్ని ఇలా చదివారు: ఈ రచనలు పాత జ్ఞాపకాలను భద్రపరచలేదు, రెండో శతాబ్దపు సంఘాల్లో నడిచిన చర్చను అపొస్తలుల నోళ్లలో పెట్టాయి. అధికారం దేని నుంచి వస్తుంది, పదవి నుంచా, మగవాడిగా పుట్టడం నుంచా, ఆత్మజ్ఞానం నుంచా అన్నది ఆ చర్చ. మరియ సువార్త మూడోదాని పక్షం నిలిచింది.

మరియ తర్వాతి చరిత్ర తెలిసిందే. 591లో పోప్ గ్రెగరీ ఒక ప్రసంగంలో మగ్దలేనే మరియను, లూకా సువార్తలో యేసు పాదాలు కన్నీళ్లతో తడిపిన పేరు లేని పాపాత్మురాలిని, బేతనియ మరియను ఒకే మనిషిగా కలిపేశాడు. పునరుత్థానానికి తొలి సాక్షి పడమటి సంఘాల్లో పశ్చాత్తాపం చెందిన వేశ్యగా మారిపోయింది. తూర్పు సంఘాలు ఆ పొరపాటు చేయలేదు. కతోలిక సంఘం 1969 క్యాలెండరు సవరణలో ఆ కలగాపులగాన్ని విడదీసింది. 2016లో ఆమె స్మరణ దినాన్ని అపొస్తలుల పండుగలతో సమాన స్థాయికి పెంచింది.

పేతురు కూతురు

మరియ సువార్త ఉన్న ఆ బెర్లిన్ పుస్తకంలోనే చివర మరో చిన్న రచన ఉంది. పేరు ‘పేతురు కార్యం’. పేతురుకు అందమైన కూతురు. ఒక పక్క పక్షవాతం వచ్చి మూలన పడి ఉంటుంది. ఇంతమందిని బాగు చేశావు, కన్నకూతురిని ఎందుకు బాగు చేయవని జనం అడుగుతారు. పేతురు ఆమెను లేచి నడవమంటాడు, నడుస్తుంది. వెంటనే మళ్లీ మూలన పడమంటాడు, పడుతుంది. కారణం కూడా చెబుతాడు: పదేళ్ల వయసులో ఆమె స్నానం చేస్తుంటే చూసిన ప్తొలెమీ అనే ధనవంతుడు ఆమెను ఎత్తుకుపోయాడు, ఆమె చెడిపోకుండా దేవుడే ఈ పక్షవాతం ఇచ్చాడు. తల్లిదండ్రులు ఆ రోజు దేవుణ్ని స్తుతించారు.

ఒక స్త్రీ అపొస్తలులకు బోధించే పుస్తకాన్నీ, ఒక ఆడపిల్ల శరీరాన్ని అవిటిగా ఉంచడమే ఆమెకు రక్షణ అనే పుస్తకాన్నీ ఒకే లేఖకుడు ఒకే అట్టల మధ్య రాశాడు. బైబిల్ బయటి పుస్తకాలన్నీ స్త్రీల పక్షమని, లోపలివన్నీ వ్యతిరేకమని చేసే విభజన ఇక్కడే కూలిపోతుంది. కూతురికి కథలో ఒక్క మాట కూడా లేదు. తప్పు చేసిన మగవాడికి మాత్రం పశ్చాత్తాపం, దర్శనం, వీలునామా అన్నీ దక్కాయి.

బ్రహ్మచర్యం ఎవరికి విముక్తి?

అపొస్తలుల అప్రామాణిక కార్యాల్లో పదే పదే వచ్చే సన్నివేశం ఒకటే. అపొస్తలుడు ఊరికి వస్తాడు, ఊళ్లో పెద్దమనిషి భార్య అతని బోధ వింటుంది, భర్తతో కాపురం మానేస్తుంది, భర్త అపొస్తలుణ్ని చంపిస్తాడు. రాస్ క్రేమర్ 1980లో, వర్జినియా బర్రస్ 1987లో ఈ కథల్లో స్త్రీల స్వేచ్ఛ చూశారు. పన్నెండు పదమూడేళ్లకే పెళ్లి, వరసగా కాన్పులు, కాన్పులో చావు సాధారణమైన రోజుల్లో బ్రహ్మచర్యం అంటే తన శరీరం మీద తన హక్కు. రోమా చట్టం ప్రకారం తండ్రి, భర్త చేతుల్లో ఉండే అధికారాన్ని దేవుడి పేరిట కాదనగలిగే దారి అదొక్కటే.

ఈ కథల్లో భారతదేశానికి చెందినదీ ఒకటుంది. మూడో శతాబ్దం తొలినాళ్లలో ఎదెస్సా ప్రాంతంలో సిరియాక్ భాషలో వెలువడిన ‘తోమా కార్యాలు’ అపొస్తలుడైన తోమాను గుండఫోరు రాజు కొలువుకు తీసుకొస్తాయి. వాయవ్య భారతాన్ని ఏలిన ఇండో పార్థియన్ రాజు గొండోఫారెస్ నాణేలు 19వ శతాబ్దంలో బయటపడటంతో ఆ పేరు కల్పన కాదని తేలింది. గ్రంథం రెండో సగంలో మజ్దాయి రాజు బంధువు భార్య మిగ్దోనియ తోమాను చూడటానికి పల్లకీలో వస్తుంది. దారి ఇవ్వమంటూ ఆమె సేవకులు జనాన్ని తోసి కొడతారు. తోమా మొదట మాట్లాడేది ఆమెతో కాదు, పల్లకీ మోస్తున్న బానిసలతో: భారం మోసేవాళ్లు మీరే, ఈ మాటలు మీకోసమే అంటాడు. తర్వాత మిగ్దోనియ మారుతుంది. భర్త బలవంతం చేస్తే పడకగది తెర చుట్టుకుని దాది దగ్గరికి పరిగెడుతుంది. బుద్ధి చెప్పి రమ్మని రాజు పంపిన రాణి తెర్తియ కూడా విశ్వాసురాలవుతుంది. బాప్తిస్మం వేళ స్త్రీలకు నూనె పూసే పనిని తోమా మిగ్దోనియకు అప్పగిస్తాడు. ఇది కేవలం కథ కాదు. అదే శతాబ్దంలో సిరియాలో పుట్టిన ‘దిదస్కాలియ’ అనే సంఘ నియమావళి ఈ పనిని పరిచారకురాళ్లకు అప్పగించింది. స్త్రీలు బాప్తిస్మం ఇవ్వడాన్ని మాత్రం అదే నియమావళి గట్టిగా నిషేధించింది.

ఈ స్వేచ్ఛకు మూల్యం ఎవరు చెల్లించారన్న ప్రశ్న ‘అంద్రెయ కార్యాలు’ చదివినప్పుడు తప్పదు. పత్రాస్‌లో గవర్నరు ఏగేయాతె భార్య మక్సిమిల్ల అంద్రెయ బోధ విని భర్తకు దూరం కావాలనుకుంటుంది. తన బదులు యూక్లియ అనే బానిస స్త్రీని అలంకరించి రాత్రిళ్లు భర్త పడకకు పంపుతుంది. ఎనిమిది నెలలు ఇలా గడుస్తుంది. యూక్లియ స్వేచ్ఛ, డబ్బు, నగలు అడిగి పుచ్చుకుంటుంది, తోటి బానిసల దగ్గర గొప్పలు చెప్పుకుంటుంది. సంగతి తెలిసిన ఏగేయాతె ఆమె నాలుక కోయించి, అవయవాలు నరికించి వీధిలో పారేయిస్తాడు. కొన్ని రోజులకు ఆమె చనిపోతుంది, కుక్కలు తింటాయి. భార్యను మాత్రం ఏమీ అనడు. కథకుడికి యూక్లియ మీద జాలి లేదు. ఆమె దురాశకు తగిన శాస్తి అన్నట్టే రాశాడు. మక్సిమిల్ల పవిత్రత మీద మచ్చ పడనివ్వలేదు.

తొలితరం స్త్రీవాద చదువు మక్సిమిల్ల తిరుగుబాటును చూసింది. బానిసత్వాన్ని, వర్గాన్ని కలిపి చూసిన తర్వాతి తరం యూక్లియ శవాన్ని చూసింది. యజమానురాలి శరీరం ఆమెది కావాలంటే బానిస శరీరం ఇంకొకరిది కావాల్సి వచ్చింది. ‘స్త్రీలు’ అని ఒకే మాటతో అందరినీ కలిపి మాట్లాడటం ఈ కథ దగ్గర కుదరదు.

పాత్రను చూసి మనిషిని ఊహించవచ్చా?

1990లలో ఇంకో రకం సందేహం వచ్చింది. కేట్ కూపర్ 1996లో, ఈ కథలు నిజానికి ఇద్దరు మగవాళ్ల పోటీ గురించి అన్నారు. ఒక పక్క ఊరి పెద్ద, రెండో పక్క అపొస్తలుడు. ఇంటిల్లాలు ఎవరి మాట వింటే గెలుపు వాడిది. స్త్రీ ఇక్కడ పావు మాత్రమే. ఎలిజబెత్ క్లార్క్ 1998లో, పురుష రచయితలు తమ ఆలోచనలకు స్త్రీ పాత్రలను వాహకాలుగా వాడుకున్నారని, రచనలోంచి అసలు స్త్రీని నేరుగా బయటికి లాగలేమని హెచ్చరించారు. అలాగని స్త్రీలను చరిత్రలోంచి పూర్తిగా మాయం చేయడం కూడా న్యాయం కాదని షెల్లీ మాథ్యూస్ 2001లో తెక్ల మీద రాసిన వ్యాసంలో జవాబిచ్చారు. తెక్ల పేరు చెప్పి బాప్తిస్మమిచ్చే హక్కు కోసం వాదించినవాళ్లు తెర్తుల్లియన్ కాలంలో ఉన్నారు కదా.

విమర్శ మరో వైపు నుంచి కూడా వచ్చింది. యేసు స్త్రీలను విముక్తి చేశాడని చూపడానికి నాటి యూదు మతాన్ని చీకటిగా చిత్రించడం చాలామంది క్రైస్తవ స్త్రీవాదులకు అలవాటైందని యూదు పండితురాలు జూడిత్ ప్లాస్కో 1970ల చివర ఎత్తిచూపారు. కావాలనుకున్నది దొరుకుతుందన్న ఆశ ఎంత ప్రమాదమో 2012 నాటి ఉదంతం చెబుతుంది. యేసు నోట ‘నా భార్య’ అన్న మాటలున్న ఒక పపైరస్ ముక్కను కారెన్ కింగ్ ఆ ఏడాది ప్రకటించారు. అది బహుశా నకిలీయేనని 2016లో ఆమే ఒప్పుకోవాల్సి వచ్చింది.

కథల బయటి సాక్ష్యం

కథల్ని పక్కన పెట్టినా నిజమైన స్త్రీలు కొందరు మిగులుతారు. 203 మార్చి 7న కార్తేజిలో మృగాల రంగస్థలంలో హతసాక్షి అయిన పెర్పెతువకు అప్పుడు ఇరవై రెండేళ్లు, చంటిబిడ్డ తల్లి. చెరసాలలో ఆమె స్వయంగా రాసుకున్నదిగా పండితులు ఎక్కువమంది అంగీకరించే దినచర్య ఆమె హతసాక్ష్య గ్రంథంలో ఉంది. బిడ్డకు పాలివ్వలేక పడిన బాధ, కాళ్ల మీద పడి ఏడ్చిన తండ్రి, మల్లయుద్ధానికి దిగిన తాను మగవాడిగా మారిన కల అందులో ఉన్నాయి. ఆమెతోపాటు చనిపోయిన బానిస స్త్రీ ఫెలిసితాస్ ఎనిమిదో నెలలో చెరసాలలోనే ప్రసవించింది. ఫెలిసితాస్ చెప్పుకున్న మాటలు మాత్రం సొంత రాతగా లేవు. మరొకరు రాసిన భాగంలోనే ఆమె కనిపిస్తుంది.

ఫ్రుగియలో 170 ప్రాంతంలో మొదలైన మొంటానస్ ఉద్యమంలో ప్రిస్కిల్ల, మక్సిమిల్ల (అంద్రెయ కథలోని మక్సిమిల్ల వేరు) అనే ప్రవక్త్రులకు మొంటానస్‌తో సమాన స్థానం ఉండేది. వాళ్ల ప్రవచనాల సంపుటాలు నాశనమయ్యాయి; విరోధులు ఖండించడానికి ఎత్తిరాసుకున్న కొద్ది వాక్యాలే మిగిలాయి. అదే ఫ్రుగియలో దొరికిన ఒక సమాధి శాసనం దియోగాస్ అనే బిషప్ అమ్మియోన్ అనే స్త్రీ కోసం వేయించినది. ఆమెకు సంఘ పెద్ద అనే బిరుదు ఉంది. 1974లో అథోస్ కొండ మీది క్సెనొఫోన్ మఠంలో ఫ్రాన్స్వా బొవోన్, బెర్ట్రాండ్ బువియే ‘ఫిలిప్పు కార్యాలు’ ప్రతిని చూశారు. పాత ప్రతుల్లో లేని భాగాలు అందులో ఉన్నాయి. పరిచారకులు, పరిచారకురాళ్లు, పెద్దలు, స్త్రీ పెద్దలు పక్కపక్కనే ఉన్న సంఘాన్ని ఆ గ్రంథం చూపుతుంది. ఫిలిప్పు చెల్లెలు మరియమ్నె మగవేషంలో అన్నతో కలిసి బోధకు వెళ్తుంది. పిరికితనంతో వెనకాడిన అన్నకు ధైర్యం చెప్పేదీ ఆమే.

ఈ సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే తేలేది ఇది. ఈ గ్రంథాలు స్త్రీలకు స్వర్ణయుగమేదీ చూపవు. రచయితలు ఎక్కువమంది పురుషులు, కథానాయికలు ఎక్కువమంది ధనికులు, బానిస స్త్రీల గొంతు దాదాపుగా లేదు. అయితే స్త్రీలు బోధించకూడదు, బాప్తిస్మం ఇవ్వకూడదు అన్న నియమం తొలి నుంచీ అందరూ ఒప్పుకున్నదనే మాట మాత్రం ఇక చెల్లదు. తిమోతి పత్రిక నిషేధించింది, తెర్తుల్లియన్ నిషేధించాడు, దిదస్కాలియ నిషేధించింది. నూరేళ్లకు పైగా ఒకే నిషేధాన్ని మళ్లీ మళ్లీ ప్రకటించాల్సి వచ్చిందంటే ఆ కాలమంతా ఆ పని జరుగుతూనే ఉంది. చివరికి గెలిచిన పక్షం రాతలు బైబిల్ అయ్యాయి, ఓడిన పక్షం రాతలు ఈజిప్టు ఇసుకలోనూ, మఠాల అల్మారాల్లోనూ మిగిలాయి. తొలి క్రైస్తవ స్త్రీల చరిత్ర రాయాలంటే ఆ రెండు రకాల రాతలనూ పక్కపక్కన పెట్టి చదవాల్సిందే.